అడుగున మిగిలిన చుక్క

సాయంత్రం ఆళ్లగడ్డలో బజ్జీల బండి పొయ్యి వెలిగించే వేళ. పదిహేను కిలోల నూనె డబ్బా ఖాళీ అయింది. బండి నడిపే అక్క దాన్ని పక్కకు పడేయలేదు. కోసిన మూల కిందికి వచ్చేలా బాణలి అంచు మీద వంచి, అట్లే నిలబెట్టి, శనగపిండి కలపడంలో మునిగిపోయింది. నూనె ధార సన్నబడి దారమైంది, దారం చుక్కలైంది. "ఇంకేముందక్కా అందులో?" అని అడిగాను. "అడుగుది చూసుకోకుంటే ఎట్ల సార్? అది గూడా దుడ్లు పెట్టి కొన్నిందే గదా" అంది.

సముద్రం మీద, ముప్పై లక్షల లీటర్లు పట్టే ట్యాంకు దగ్గర ఓడ సిబ్బంది చేసేదీ ఇదే పని. ఓడను కాస్త వెనక్కి, కాస్త పక్కకు వాల్చి, సరుకంతా ఒక మూల గుంటలోకి చేరేలా చేసి, చివరి బొట్టు దాకా పంపుతో లాగుతారు. ఆమెకు ఆ చుక్కలు డబ్బు. ఓడకు అవి చట్టం. ట్యాంకు అడుగున ఎంత మిగలొచ్చు, మిగిలినదాన్ని ఏం చేయాలి అన్న ప్రశ్న చుట్టూ ఒక అంతర్జాతీయ ఒప్పందం నడుస్తోంది. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగల ఓడకే ప్రభుత్వం ఒక పత్రం రాసిస్తుంది. హానికర ద్రవాలను ట్యాంకుల్లో నింపి మోసే ఓడలకు ఇచ్చే కాలుష్య నివారణ ధ్రువపత్రం అది. ఓడరేవుల్లో దాన్ని క్లుప్తంగా ఎన్ఎల్ఎస్ సర్టిఫికెట్ అంటారు.

సముద్రం కనిపించని నంద్యాల జిల్లావాళ్లకు ఈ కాగితంతో ఏం పని? ఆ బాణలిలోని నూనె ఏ దారిన వచ్చిందో చూస్తే తెలుస్తుంది.

రేవు నుంచి బాణలి దాకా

నంద్యాలకు తూర్పున నల్లమల అడ్డం. ఆ కొండలు దాటి ఇంకా చాలా దూరం పోతే గానీ తీరం రాదు. అయినా ఈ నేలకు నీటి మీద సరుకు రవాణా కొత్తేం కాదు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ కర్నూలు–కడప (కేసీ) కాలువ తవ్వినప్పుడు సాగునీటితోపాటు పడవల రాకపోకలనూ మనసులో పెట్టుకుంది. ఆ పడవల కాలం ఎప్పుడో ముగిసింది. కాలువ కింద వరి మాత్రం మిగిలింది.

నూనెగింజలూ ఈ నేలకు కొత్త కాదు. ఇక్కడి నల్లరేగళ్లలో పొద్దుతిరుగుడు విరగబూసిన రోజులు నడివయసు రైతులకు బాగా గుర్తు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో పత్తి, శనగతోపాటు పొద్దుతిరుగుడు మీదా పరిశోధన సాగుతోంది. అయితే కాలక్రమంలో ఆ చేలను చాలావరకు పప్పుశనగ ఆక్రమించింది. దేశం మొత్తం మీద చూసినా, మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ దిగుమతి ఏటా సుమారు 150 లక్షల టన్నులు. పామాయిల్ ఇండోనేసియా, మలేసియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి, పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి వస్తాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు, ఆ ఏప్రిల్ చివర్లో ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులను కొన్ని వారాలు ఆపేసినప్పుడు, మన ఇళ్లలో నూనె ప్యాకెట్ ధర మండిపోయింది. సముద్రం మన వంటింటికి ఎంత దగ్గరో అప్పుడు అందరికీ తెలిసింది.

మన రాష్ట్రానికి ఆ నూనె ప్రధానంగా కృష్ణపట్నం, కాకినాడ రేవుల్లో దిగుతుంది. రేవు పక్కనే ఉన్న రిఫైనరీల్లో శుద్ధి అయి, ప్యాకెట్లు, డబ్బాలుగా లారీలెక్కి ఊళ్లకు చేరుతుంది. పొలంలో చల్లే ఎరువు కథా ఇలాంటిదే. విశాఖ, కాకినాడల్లోని ఎరువుల కర్మాగారాలకు కావలసిన ఫాస్ఫారిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఓడల్లో ద్రవరూపంలోనే వస్తాయి. కేసీ కాలువ కింద వరి మడిలో పడే బస్తా ఎరువు వెనకా ఒక ఆమ్లపు ఓడ ఉండే అవకాశం ఎక్కువ.

ఇక నీళ్లు నడిచే దారి దీనికి ఎదురు. నంద్యాల పక్కన పారే కుందూ కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిల దాటి నెల్లూరు మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. ఆ సంగమం కృష్ణపట్నం రేవుకు ఉత్తరాన, ఎంతో దూరంలో లేదు. నూనె రేవు నుంచి నంద్యాలకు పైకి వస్తుంది. నంద్యాల నీళ్లు అదే తీరానికి కిందికి పోతాయి. ఈ రెండు దారులనూ గుర్తుంచుకుందాం. చివర్లో మళ్లీ వీటి దగ్గరికే రావాలి.

తినే నూనె విషమా?

హానికర ద్రవం అనగానే ఆమ్లమో, పురుగుమందో మనసులో మెదులుతుంది. కానీ అంతర్జాతీయ జాబితాలో పామాయిల్, పొద్దుతిరుగుడు నూనె, వేరుశనగ నూనె, పత్తిగింజల నూనె అన్నీ హానికర ద్రవాలే. మనిషి తినేది సముద్రానికి చేటు ఎలా చేస్తుంది?

1991 జనవరిలో బ్రిటన్‌లోని వేల్స్ తీరాన, ఆంగ్లసీ దీవి దగ్గర, కిమ్యా అనే ఓడ ప్రమాదానికి గురైంది. అందులో ఉన్నది 1,500 టన్నుల పొద్దుతిరుగుడు నూనె. నూనె నెలల తరబడి బయటికి ఊరుతూనే ఉంది. సముద్రపు సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయని అనుకోవడం సహజం. జరిగింది వేరు. నూనె చిక్కబడి, సాగే బంకలా మారి, ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇసుకతో కలిసి కాంక్రీటు పెచ్చుల్లా గట్టిపడింది. ఆ పరిసరాల్లో రాళ్లకు అతుక్కుని బతికే మస్సెల్ చిప్పలు చచ్చిపోయాయి. గట్టిపడిన ఆ పెచ్చులు ఏళ్ల తర్వాత కూడా తీరంలో కనిపించాయి.

దీని వెనకున్న రసాయనం మనకు తెలియనిదేమీ కాదు. వడ్రంగులు కొయ్యసామాను మీద అవిసె నూనె పూస్తే కొన్నాళ్లకు అది ఆరి పొరలా గట్టిపడుతుంది. ఆ నూనె అణువుల్లో కార్బన్ గొలుసు మధ్య జంట బంధాలు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ అక్కడ పట్టుకుని పక్కపక్క గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ముడులు పెరిగేకొద్దీ ద్రవం వలలాంటి ఘనమవుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో సాధారణంగా సగానికి మించి ఉండే లినోలియిక్ ఆమ్లంలోనూ అలాంటి జంట బంధాలు రెండేసి ఉంటాయి. నూనె బాణలి బయటి అంచున ఏళ్ల తరబడి పేరుకునే, ఎంత తోమినా పోని గోధుమరంగు జిగురు కూడా ఈ ముడుల పనే.

పామాయిల్ దారి వేరు. అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు. దాని గొలుసులు నిటారుగా ఉండి ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చుంటాయి. అందుకే చలికాలం పొద్దున పామాయిల్ ప్యాకెట్ తెల్లగా పేరుకుంటుంది. 2017 ఆగస్టు 3న చైనాలోని పెర్ల్ నది ముఖద్వారం దగ్గర రెండు ఓడలు ఢీకొని, పామాయిల్ నుంచి తీసే స్టియరిన్ అనే గట్టి కొవ్వు సుమారు 1,000 టన్నులు సముద్రంలో కలిసింది. కొద్ది రోజులకే హాంకాంగ్ తీరాలకు తెల్లటి ముద్దలు గుట్టలుగా కొట్టుకొచ్చాయి. స్నానాల తీరాలను మూసేయాల్సి వచ్చింది.

ఇవి కాక ఏ నూనె అయినా చేసే మూడు చెరుపులు ఉన్నాయి. నీటి మీద తెట్టెలా పరుచుకుని గాలి లోపలికి దిగకుండా అడ్డుకుంటుంది. దాన్ని అరిగించుకునే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. పక్షి ఈకలకు అంటితే, వాటి మధ్య నిలిచే గాలిపొర పోయి, చల్లని నీరు నేరుగా చర్మానికి తగులుతుంది. ఆ పక్షి విషంతో కాదు, చలితో, ఆకలితో చస్తుంది. ఈకకు ముడి చమురుకూ వంటనూనెకూ తేడా తెలియదు.

ఆక్సిజన్ సంగతి ఎంత తీవ్రమో హవాయి దీవుల్లో కనిపించింది. 2013 సెప్టెంబరులో హోనొలులు రేవులో ఓడకు మొలాసిస్ ఎక్కించే గొట్టం కారి, సుమారు 1,400 టన్నులు నీటిలో కలిసింది. చెరకు గానుగ దగ్గర మనం చూసే మడ్డిలాంటిదే అది. నీటికంటే బరువు కాబట్టి అడుగుకు దిగి పరుచుకుంది. 26,000కు పైగా చేపలు, ఇతర జలచరాలు చచ్చాయి. అంతర్జాతీయ జాబితాలో మొలాసిస్‌కు హానికరం కాని పదార్థమన్న ముద్ర ఉంది. రేవులాంటి మూసిన నీటిలో, ఒకేచోట, అంత పెద్ద మొత్తం పడితే ఆ ముద్ర చేపలను కాపాడలేకపోయింది.

మూడు అక్షరాల తూకం

సముద్ర కాలుష్యం మీద దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందం పేరు మార్పోల్. 1973 నవంబరులో కుదిరింది. 1978లో మరో ఒప్పందం దీనికి చేరింది. మొదటి అనుబంధం చమురుకు, రెండోది ట్యాంకుల్లో నింపి మోసే హానికర ద్రవాలకు. ఈ రెండో అనుబంధం 1987 ఏప్రిల్ 6 నుంచి అమలవుతోంది. మన దేశం 1986లో ఒప్పందంలో చేరింది.

ద్రవాల హానిని తూచేందుకు ఐక్యరాజ్యసమితి సంస్థల ఉమ్మడి నిపుణుల బృందం ఒకటి ఉంది. ఏ ద్రవాన్నైనా వారు కొన్ని ప్రశ్నలతో పరీక్షిస్తారు. జీవుల ఒంట్లో పేరుకుంటుందా? సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టగలవా? చేపలకు, రొయ్యలకు ఎంత మోతాదులో ప్రాణాంతకం? మనిషి చర్మానికి, ఊపిరికి ఏం చేస్తుంది? నీటి మీద తేలుతుందా, మునుగుతుందా, కరుగుతుందా? ఈ జవాబులను బట్టి ప్రతి ద్రవం ఒక తరగతిలో పడుతుంది.

ఎక్స్ తరగతిలోవి సముద్రంలో అసలు పడకూడనివి. కోల్‌తార్ లాంటివి ఇందులో ఉంటాయి. వై తరగతిలోవి హాని చేసేవే, కాబట్టి ఎంత, ఎలా పడొచ్చన్నదానికి గట్టి పరిమితులు ఉంటాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం, వంటనూనెలు ఇక్కడున్నాయి. జెడ్ తరగతిలోవి కాస్త తక్కువ హాని చేసేవి, ఫాస్ఫారిక్ ఆమ్లం లాంటివి. ఈ మూడింటిలో దేనిలోనూ పడనివి నాలుగో గుంపు. మొలాసిస్, గ్లూకోజ్ ద్రావణం, ఆపిల్ రసం అందులో ఉన్నాయి.

ఈ వరుస మొదటి నుంచీ ఇలా లేదు. పాత పద్ధతిలో తరగతులు వేరు, వంటనూనెల మీద పట్టు వదులు. 2004లో తిరగరాసిన నిబంధనలు 2007 జనవరి 1న అమల్లోకి వచ్చినప్పుడే నూనెలు వై తరగతికి ఎక్కాయి. అంతకుముందు వాటిని ఎన్నో మామూలు ట్యాంకర్లు మోసేవి. ఆ రోజు నుంచి రసాయన ట్యాంకర్లకు ఉండే కట్టుదిట్టం వీటికీ కావలసి వచ్చింది. ఓడ పక్కగోడకు, సరుకు ట్యాంకుకు మధ్య కనీసం 760 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఓడ దేనికైనా గుద్దుకుంటే బయటి రేకు సొట్టపోయినా, లోపలి ట్యాంకు నిలవాలని ఆ దూరం.

తరగతి ఒకసారి రాస్తే శాశ్వతమని కాదు. 2013లో ఇంగ్లండ్ దక్షిణ తీరానికి 4,000కు పైగా సముద్రపక్షులు జిగురు పట్టిన ఈకలతో కొట్టుకొచ్చాయి. చాలావరకు గిల్లిమాట్లు. ఆ జిగురు పాలీఐసోబ్యుటిలీన్. కందెన నూనెల్లో, చూయింగ్‌గమ్‌లో వాడే పదార్థం. ట్యాంకులు కడిగిన నీళ్లతోపాటు దాన్ని సముద్రంలో వదలడానికి అప్పట్లో షరతులతో అనుమతి ఉండేది. పక్షుల కళేబరాలే సాక్ష్యాలయ్యాయి. ఆ ఏడాదే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ దాని తరగతి మార్చింది. 2014 నుంచి దాన్ని సముద్రంలో వదలడం నిషేధం.

విత్తన సంచి మీది నీలి చీటీ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం విత్తన పత్తికి పేరున్న నేల. ధ్రువీకరణ అంటే ఏమిటో ఇక్కడి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. సర్టిఫైడ్ విత్తన సంచికి నీలి చీటీ ఉంటుంది. ఆ చీటీ సంచి కుట్టే రోజున పుట్టేది కాదు. అధికారి చేనికి రావాలి, పూత దశలో చూడాలి, పక్క చేనికి ఎంత దూరం ఉందో కొలవాలి, కల్తీ మొక్కలు పీకించాలి, గింజను ల్యాబులో మొలకెత్తించాలి. ఇవన్నీ దాటాకే చీటీ. దానికీ గడువుంటుంది. గడువు దాటితే మళ్లీ పరీక్ష.

ఓడ పత్రం పుట్టేదీ సరిగ్గా ఇలాగే. ఓడ పనిలోకి దిగకముందు తొలి సర్వే జరుగుతుంది. సర్వేయర్ పంపులు, గొట్టాలు, ట్యాంకు కడిగే యంత్రాలు, నీటి మట్టానికి దిగువన ఉండే విడుదల ద్వారం అన్నీ చూస్తాడు. నియమాలకు సరిపోతే పత్రం వస్తుంది. దాని గడువు 5 ఏళ్లకు మించదు. ఏటా పుట్టిన తేదీకి మూడు నెలలు అటూ ఇటూగా ఒక సర్వే జరగాలి. రెండో లేదా మూడో ఏట జరిగే మధ్యంతర సర్వే ఇంకా లోతుగా ఉంటుంది. ఐదేళ్లు నిండేలోగా పూర్తి తనిఖీతో పత్రం కొత్తదవుతుంది. వీటిలో ఒక్కటి తప్పినా పత్రం చెల్లదు. ఓడ వేరే దేశపు జెండా కిందికి మారితే పాత పత్రం అక్కడితో ముగిసిపోతుంది. కొత్త దేశం మళ్లీ ఇవ్వాలి.

రసాయన ట్యాంకర్లుగా ప్రత్యేకంగా కట్టిన ఓడలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అనే వేరే పత్రం ఉంటుంది. దానికీ ఇదే విలువ. ఎన్ఎల్ఎస్ పత్రం ప్రధానంగా మిగతా ఓడలకు కావలసింది. కొన్ని తేలిక తరగతి ద్రవాలను మోసే ట్యాంకర్లు, సముద్రం మధ్య చమురు బావుల దగ్గరికి రసాయనాలు చేరవేసే సరఫరా ఓడలు, ప్రత్యేక మినహాయింపుతో కేవలం వంటనూనెలే మోసే జంట గోడల ఓడలు ఇందులోకి వస్తాయి. ఆ మినహాయింపు సంగతి పత్రం మీదే రాసి ఉండాలి.

భారత జెండా ఎగరేసే ఓడలకు ఈ వ్యవహారమంతా డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ కింద నడుస్తుంది. దాని శాఖలైన మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్లలో ఒకటి విశాఖలో ఉంది. 1975లో ఏర్పడిన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ లాంటి వర్గీకరణ సంస్థలు ప్రభుత్వం తరఫున సర్వే చేస్తాయి. ఎవరు తనిఖీ చేసినా, పత్రానికి పూర్తి బాధ్యత మాత్రం ఆ ప్రభుత్వానిదే. ఒప్పందం ఈ మాటను స్పష్టంగా రాసుకుంది.

పత్రం మీద ఏముంటుంది? ఓడ పేరు, ఏడంకెల గుర్తింపు సంఖ్య, నమోదైన రేవు, గ్రాస్ టన్నేజి ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఓడ మోయదగ్గ ద్రవాల జాబితా. జాబితాలో లేని ద్రవాన్ని నింపకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకున్న ఓడకు ఫాస్ఫారిక్ ఆమ్లం కుదరొచ్చు. మామూలు స్టీలు ట్యాంకును అదే ఆమ్లం తినేస్తుంది. ఏ గిన్నెలో చింతపండు పులుసు కాయకూడదో మన పెద్దవాళ్లకు తెలిసినట్టే, ఏ ట్యాంకులో ఏది పోయకూడదో ఈ జాబితా చెబుతుంది.

75 లీటర్లు

ఇప్పుడు ఈ కథకు గుండెకాయ లాంటి అంకె దగ్గరికి వద్దాం. 2007 జనవరి 1 తర్వాత కట్టిన ఓడలో, సరుకు దించేశాక, ఒక ట్యాంకులోనూ దాని గొట్టాల్లోనూ కలిపి మిగిలేది 75 లీటర్లు దాటకూడదు. 1986 జూలైకి ముందు కట్టిన ఓడలకు వై తరగతి సరుకులో ఈ పరిమితి 300 లీటర్లు. ఆ తర్వాతివాటికి 100. ఇప్పుడు 75. ఓడ తరం మారినప్పుడల్లా అడుగు మిగులు తగ్గుతూ వచ్చింది.

30 లక్షల లీటర్ల ట్యాంకులో 75 లీటర్లంటే 40,000 వంతుల్లో ఒక వంతు. ఈ లెక్కన బజ్జీల బండి పదిహేను కిలోల డబ్బాలో మిగలదగ్గది దాదాపు ఎనిమిది చుక్కలు. ఆళ్లగడ్డ అక్క డబ్బా వంచి నిలబెట్టి సాధించేది ఇంచుమించు ఇదే. ఓడ ఈ పని చేయగలదని మాటతో నమ్మరు. ట్యాంకులో నీళ్లు పోసి, పంపుతో తోడించి, మిగిలినవి కొలిచి చూస్తారు. ఆ కొలత కాగితాలకెక్కుతుంది.

ఆ తర్వాత మిగిలిన కొద్దిపాటిది ఏం కావాలన్నది తరగతిని బట్టి ఉంటుంది. ఎక్స్ తరగతి సరుకైతే ఓడ రేవు వదలకముందే ట్యాంకు కడగాలి. కడిగిన నీళ్లు ఒడ్డున ఉన్న సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. ఆ నీళ్లలో సరుకు బరువు 0.1 శాతానికి దిగేదాకా కడుగుతూనే ఉండాలి. వై తరగతిలో బాగా చిక్కనివి, గడ్డకట్టేవి అయితే వాటికీ ఈ ముందు కడుగుడు తప్పదు.

ఇక్కడే పామాయిల్ విషయంలో ఉష్ణోగ్రత నిర్ణాయకమవుతుంది. 15 డిగ్రీలు, ఆపైన కరిగే పదార్థాన్ని దించేటప్పుడు, అది కరిగే వేడికంటే కనీసం 10 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేకుంటే దాన్ని గడ్డకట్టే పదార్థంగా లెక్కవేస్తారు. పామాయిల్ సుమారు 35 డిగ్రీల దగ్గర కరుగుతుందనుకుంటే, 45 కంటే చల్లగా దించితే ట్యాంకు గోడలకు పేరుకుని మిగులు పెరుగుతుంది, కడగడం తప్పనిసరి అవుతుంది. అందుకే ఓడ ట్యాంకుల్లో ఆవిరి గొట్టాలు వేసి నూనెను వెచ్చగా ఉంచుతూ తెస్తారు. నెయ్యి గిన్నెను వేడిచేసి వంచితే గిన్నె శుభ్రంగా దిగుతుంది. చల్లగా వంచితే సగం గోడలకే అంటుకుంటుంది. సూత్రం అదే.

మిగతా సందర్భాల్లో, ట్యాంకు కడిగిన నీళ్లను సముద్రంలో వదలొచ్చు. దానికి నాలుగు షరతులున్నాయి. తీరం నుంచి కనీసం 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లకు పైగా దూరం ఉండాలి. అది ఇంచుమించు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దారిలో సగం. నీటి లోతు కనీసం 25 మీటర్లుండాలి. సొంత ఇంజనుతో నడిచే ఓడ కనీసం 7 నాట్ల, అంటే గంటకు 13 కిలోమీటర్ల వేగంతో కదులుతుండాలి. నీళ్లు ఓడ అడుగు భాగం నుంచి, నీటి మట్టానికి దిగువనే వెళ్లాలి. కదిలే ఓడ పక్కన నీరు సుళ్లు తిరుగుతుంది, వెనక ప్రొపెల్లర్ దాన్ని చిలుకుతుంది. ఆ కవ్వంలో పడ్డ కొద్దిపాటి మిగులు విస్తారమైన నీటిలో పలచనైపోతుంది. ఆగిన ఓడ నుంచి పైన వదిలితే అదే మిగులు తెట్టెగా పరుచుకుంటుంది. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో మాత్రం ఏ షరతు మీదా వదలకూడదు.

ఇవన్నీ ఎవరు చూస్తారు? నడిసముద్రంలో అధికారి ఉండడు. ఉండేది ఒక పుస్తకం. దాని పేరు కార్గో రికార్డ్ బుక్. ఏ ట్యాంకులో ఏది నింపారు, ఎప్పుడు దించారు, ఎప్పుడు కడిగారు, ఎక్కడ వదిలారు అన్నది ఎప్పటికప్పుడు రాయాలి. బాధ్యుడైన అధికారి ప్రతి పనికీ సంతకం పెట్టాలి. కెప్టెన్ ప్రతి పేజీకీ పెట్టాలి. చివరి పద్దు నుంచి 3 ఏళ్లు దాన్ని ఓడలోనే దాచాలి. రేవులో ముందు కడుగుడు జరిగితే, సర్వేయర్ ఆ పుస్తకంలోనే ధ్రువీకరించాలి.

కాగితం బరువు

పత్రం ఉన్న ఓడ ఏ దేశపు రేవుకు వచ్చినా, అక్కడి అధికారులు సాధారణంగా దాన్ని అంగీకరిస్తారు. ఓడ స్థితి కాగితంలో రాసినట్టు లేదని అనుమానం కలిగితే లోపలికి దిగి చూస్తారు. ముప్పు ఉందనిపిస్తే బాగుచేసేదాకా రేవు దాటనివ్వరు. హిందూ మహాసముద్ర తీర దేశాలు ఇలాంటి తనిఖీల కోసం 1990ల చివర్లో ఒక అవగాహన కుదుర్చుకున్నాయి. భారత్ అందులో ఉంది.

అయినా ఈ ఏర్పాటులో రెండు విషయాలు నన్ను కలవరపెడతాయి. మొదటిది, పత్రం ఓడను కట్టేసినంత గట్టిగా రేవును కట్టదు. ఓడ ట్యాంకు కడిగిన నీళ్లు ఇస్తానంటే, తీసుకునే ఏర్పాటు ఒడ్డున ఉండాలి. ఒప్పందం ఆ బాధ్యతను తీర దేశాల మీద పెట్టింది. నూనె దిగే ప్రతి రేవులో ఆ నీళ్లను ఆలస్యం లేకుండా తీసుకుని శుద్ధిచేసే వీలుంటేనే ఓడ సిబ్బంది చిత్తశుద్ధికి అర్థం. కృష్ణపట్నం, కాకినాడల్లో దిగే సరుకు పెరిగేకొద్దీ ఆ ఏర్పాటూ పెరగాలి.

రెండోది, సముద్రాలన్నిటికీ ఒకే కొలత లేకపోవడం. నీటి మీద చాలాకాలం తేలే, చిక్కనైన, కరగడానికి వేడి కావలసిన కొన్ని నూనెలకూ మైనాలకూ 2021 జనవరి 1 నుంచి మరింత కఠినమైన ముందు కడుగుడు నియమం వచ్చింది. తీరాలకు తెల్లటి ముద్దలు కొట్టుకొస్తున్నాయని ఐరోపా దేశాలు గట్టిగా అడిగి సాధించుకున్న మార్పు అది. ఆ నియమం వర్తించేది బాల్టిక్, నార్వే సముద్రం, వాయవ్య, పశ్చిమ ఐరోపా జలాలకే. బంగాళాఖాతం ఆ జాబితాలో లేదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ వంటనూనె దిగుమతి చేసుకునే దేశం మనది. ఆ నూనె ఓడలు మన తీరం పక్కనే వస్తాయి, పోతాయి. ఇక్కడి మత్స్యకారుడి వలకు, ఇసుకలో గుడ్లు పెట్టే తాబేలుకు కూడా ఆ రక్షణ దక్కాలి. ఐరోపా అడిగినట్టు మనమూ అడగాలి.

మళ్లీ కుందూ దగ్గరికి

రాత్రి పది దాటాక బజ్జీల బండ్లు కట్టేస్తారు. బాణలిలో నల్లబడిన నూనె మిగులుతుంది. మళ్లీ మళ్లీ కాగిన నూనె ఒంటికి మంచిది కాదు. అందుకే భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై నుంచి ఒక హద్దు పెట్టింది. కాగి చెడిన పదార్థాల మొత్తం 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదు. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు వాడకం లెక్క రాసి పెట్టుకోవాలి, మిగిలినదాన్ని అనుమతి ఉన్న సేకరణదారులకు ఇవ్వాలి. దాన్ని బయోడీజిల్‌గా మార్చే దారి ఉంది. ఒక విధంగా అది హోటలు వాళ్ల కార్గో రికార్డ్ బుక్.

చిన్న బండ్లకు, మన ఇళ్లకు అలాంటి పుస్తకం లేదు. పండగ పిండివంటల తర్వాత మిగిలిన నూనెను మనం సింకులోనో, వాకిట కాలువలోనో పోస్తాం. కాలువ వాగులో కలుస్తుంది, వాగు కుందూలో, కుందూ పెన్నలో, పెన్న సముద్రంలో. నౌక తీరానికి 22 కిలోమీటర్ల అవతల, పాతిక మీటర్ల లోతున్న నీటిలో, లెక్క రాసి, సంతకం పెట్టి వదిలే దానికంటే మనం లెక్కలేకుండా వదిలేది ఏ విధంగానూ మేలైనది కాదు. చల్లారిన నూనెను సీసాలో వడగట్టి మూతపెట్టి, సేకరించేవాళ్లకు ఇవ్వొచ్చు. ఆ వసతి లేని ఊళ్లో ఊకలోనో, మట్టిలోనో పీల్పించి చెత్తబండికి వేయొచ్చు. మున్సిపాలిటీలు వారానికొక రోజు వాడిన నూనెను ఇంటింటికీ వచ్చి తీసుకునే పద్ధతి పెడితే ఇంకా మంచిది.

ఓడలకు పత్రం ఇచ్చే వ్యవస్థ యాభై ఏళ్ల పోరాటంతో ఒక్క మాటను స్థిరపరిచింది. సరుకు ఎవరిదో, దాని మిగులు కూడా వాళ్లదే. మరుసటి సాయంత్రం నేను ఆళ్లగడ్డ అక్క బండి దగ్గరికి వెళ్లి, రాత్రి మిగిలిన నూనె ఏం చేస్తావని అడిగాను. కాసేపు ఆలోచించింది. "కాలవలో పోస్తాన్యా సార్. యాడికి పోతాదది?" అని అడిగింది. కుందూ దగ్గర మొదలుపెట్టి, సముద్రం దాకా ఆమెకు చెప్పాను. పొయ్యి మంట తగ్గించి చివరిదాకా విన్నది. ఆ తర్వాత వంచి నిలబెట్టిన ఖాళీ డబ్బాను తీసి, తుడిచి, మూత వెతికి, బండి కింద పెట్టుకుంది.